పడుగు కోసం కాచిన గంజి

శిరీష సీసా మూత తీసి నా ముందు పెట్టినప్పుడు నేను పేపరు చదువుతూ, ఎప్పటిలాగే అందులోని పెద్దమనుషులందరినీ మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. శిరీష మా అక్క నాగమ్మ మనవరాలు. ఆహార పదార్థాల తయారీ మీద పెద్ద చదువే చదివి, అందరూ పొమ్మన్న చోటికి పోకుండా, డోన్ దగ్గర మా ఊళ్లోనే రేకుల షెడ్డు వేసి పిండిమర పెట్టుకుంది. ఊళ్లోని ఆరుగురు ఆడవాళ్లు ఆమెతో పనిచేస్తారు. మనం పనికిరావని పారేసే ఆకులూ కాయలూ గింజలూ ఏరి తెచ్చి, వాటితో ఒంటికి మంచి చేసే తిండి తయారు చేసి నలుగురికీ అలవాటు చేయాలని ఆ పిల్ల పంతం. కర్నూలులో నా ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక పొడి తెస్తుంది. నేను నాలుక మీద వేసుకుని మొహం చిట్లిస్తాను, ఆమె నవ్వి వెళ్లిపోతుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. “తాతా, నాలిక మీద వద్దులే, ముందు వాసన చూడు. ఇదేందో నీకు తెలుసు,” అంది.

వాసన చూశాను. వేయించిన గింజ వాసన, దాని వెనక తడిమట్టి వాసన, ఇంకా వెనక ఎక్కడో కొంచెం మాడు. కథల్లో అయితే ముసలాయనకు ఇక్కడ కళ్లు చెమర్చాలి. నాకు ఒళ్లంతా దురద పుట్టింది. నిజంగానే మెడ గోక్కున్నాను. ఎందుకంటే నా ముక్కుకు ఆ వాసన ఎప్పుడూ ఒంటరిగా తెలియదు, పచ్చి ఉన్ని కంబళి గరుకుతో కలిసే తెలుసు. “చింతగింజలు,” అన్నాను. “అవును. కానీ వగరు పోతాండ్లేదు తాతా,” అని ఆ పిల్ల నా ఎదురుగా కుర్చీలో కూలబడి కష్టమంతా చెప్పుకుంది. కర్నూలులో ఒక బేకరీ ఆయన జొన్నపిండిలో ఈ చింతగింజల పిండి కలిపి బిస్కెట్లు చేస్తానని ముందుకొచ్చాడు. రెండుసార్లు పిండి పంపితే రెండుసార్లూ వెనక్కి పంపాడు. రంగు ఎర్రగా వస్తోంది, నోరు పట్టేస్తోంది. వచ్చే సోమవారం తానే షెడ్డుకు వచ్చి చూస్తానని, ఈసారీ ఇట్లాగే ఉంటే ఇంక తన వల్ల కాదని చెప్పాడట. ఆయన కాదంటే షెడ్డు మూసుకోవడమే. ఆరుగురు ఆడవాళ్లూ ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని చంకనేసుకుని, గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఏటా పోయేవాళ్లే. ఈ ఏడాదే మొదటిసారి ఊళ్లో నిలిచారు.

“మీ అవ్వను అడక్కపోయినావా?” అన్నాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచింది. “అడిగినా. పదిసార్లు అడిగినా. గుర్తుల్యాదంటాది. నేను పుట్టినప్పుడు చూడనీకి ఎవరెవరు రాలేదో పేర్లతో సహా చెప్తాది తాతా, ఇదొక్కటే గుర్తుల్యాదంట! ఎక్కువ అడిగితే అవి మనుషులు తినేవి కాదు పోవే అంటాది. నువ్వొచ్చి అడుగు. నీ మాట ఇంటాది.” మా అక్క నా మాట వినడమనేది నేను ఎన్నడూ ఎరగను. అయినా సంచి సర్దుకున్నాను. రిటైరైన తెలుగు పంతులుకు ఒకరు పని చెప్పడమే పెద్ద గౌరవం.

బస్సులో కూర్చున్నంతసేపూ మా ఇల్లే కళ్ల ముందు ఉంది. మాది కంబళ్లు నేసే ఇల్లు. ఇల్లంటే మగ్గమే. నడుమింట్లో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నాయన కూర్చునేవాడు. మిగిలిన చోటు మాది. అమ్మ రాట్నం తిప్పేది, అక్క ఉన్ని విప్పేది, నేను అడ్డం పడేవాణ్ని. మా అన్నంలో ఉన్ని, మా నీళ్లలో ఉన్ని, మా జుట్టులో ఉన్ని. గొర్రె వాసన మాకు వాసనలా తోచేది కాదు, ఎవరైనా చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే అప్పుడు తెలిసేది. పడుగు పెట్టే రోజు మాత్రం ఇల్లు చాలేది కాదు, వీధి కావాలి. ఈ చివర గూటాలు, ఆ చివర గూటాలు పాతి, ఉన్ని దారాలను బారుగా సాగదీసి కట్టేవారు. ఆ దారాలు మగ్గం మీద దెబ్బలు తట్టుకోవాలంటే వాటికి గంజి పట్టించాలి. నూలు నేసేవాళ్లు బియ్యపు గంజి పెడతారు. ఉన్నికి అది నిలవదు, చింతగింజల గంజే కావాలి. అందుకని మా ఇంట్లో చింతపండు కంటే చింతగింజలకే మర్యాద ఎక్కువ. ఎండాకాలంలో కాయ రాలినప్పుడు అమ్మ రెడ్ల ఇళ్లకు చింతపండు కొట్టను పోయేది. పండు ఇంటివాళ్లది, గింజలు కొట్టినవాళ్లవి, అదీ మా ఊరి కట్టుబాటు. సాయంత్రం అమ్మ నెత్తిన గింజల మూటతో, చేతులు పులిసిపోయి, వేళ్ల సందులు ఒరుసుకుపోయి ఇంటికి వచ్చేది. ఆ చేతులతో మాకు అన్నం కలపాలంటే ఉప్పు తగిలి మండేది కాబోలు, పళ్ల మధ్య గాలి పీల్చుకుంటూ కలిపేది.

గింజలు వేయించేది వాకిట్లో, మూడు రాళ్ల పొయ్యి మీద. వేయించి దంచి, చాటతో చెరిగి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, పెద్ద కుండలో గంజి కాచేవారు. గంజి పాకానికి వచ్చిందో లేదో నాయన వేలు ముంచి గోడకు అంటించి చూసేవాడు. మా గోడ మీద ఆ వేలి గుర్తులు వరుసగా ఉండేవి. గంజి పెట్టే రోజు నాయనది ఒక పట్టుదల. పెద్ద కుంచెతో పడుగంతా దువ్వి, ఆ తడి ఎండకు ఆరేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. దేవుడి కోసమా, భయం వల్లనా అని నేను ఒకసారి అడిగితే, “దానికి పెట్టకముందే మనం తింటే అది ఊరుకుంటాదా?” అన్నాడు. మగ్గం ఆయనకు ఇంట్లో ఒక మనిషి. నాయన తినకపోయినా మాకు మాత్రం అమ్మ కుండ అడుగున అంటుకున్న గంజి గీకి, బెల్లం గడ్డ నలిపి చేతిలో పెట్టేది. మంచి ఏడాదుల్లో అది మాకు పండగ. కొర్రలు, జొన్నలు అడుగంటిన ఏడాదుల్లో అదే గింజల పిండి జొన్నపిండిలో కలిసి రొట్టెయ్యేది, నానిన పప్పు ఉడికి ఉప్పూ కారంతో గుగ్గిళ్లయ్యేది. బరువుగా ఉండేది, ఒక రొట్టె తింటే పొద్దు గూకేదాకా కడుపు అడిగేది కాదు. అందులో మాంసకృత్తులు మెండుగా ఉంటాయని శిరీష ఇప్పుడు చెబుతుంది. ఆ మాట మా అమ్మకు తెలిసి ఉంటే ఎంత దర్జాగా వడ్డించేదో అనుకుంటాను. అప్పుడు మాత్రం ఎవరైనా వాకిట్లోకి వస్తే ఆ రొట్టెల మీద చాట బోర్లించేది.

చాట ఎందుకు బోర్లించేదో బడికి పోయాక నాకు తెలిసింది. “ఏమప్పా, కంబళికి మిగిల్చినావా, గంజంతా నువ్వే తాగినావా?” అని పిల్లలు అడిగేవాళ్లు. కరువులో చింతగింజలు తిన్న ఇళ్లు ఊళ్లో చాలానే ఉన్నాయి, కానీ వాటిని ఇంట్లో నిలవ పెట్టుకున్నవాళ్లం మేమే కాబట్టి పేరు మాకు పడింది, మగ్గం పోయాక కూడా అది పోలేదు. నేను వాదించేవాణ్ని కాదు. నేను రొట్టె తెచ్చుకోవడమే మానేసి, ఆకలి కావట్లేదని చెప్పడం నేర్చుకున్నాను. పెద్దయి పంతులునై, పత్రికల్లో రాసే రోజులు వచ్చాక ఆ సిగ్గు పోయింది. పోవడమే కాదు, తిరగబడింది. మా ఇంటి చింతగింజల మీద గొప్పగా ఒక వ్యాసం రాశాను. అది చదివి వినిపిస్తే అక్క సగంలోనే లేచి, పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు, పొయ్యే వెలిగించి లేదు. నాకు కోపం వచ్చింది. నా రాత నచ్చక లేచిందనుకున్నాను. రాసేవాడికి తన రాత తప్ప ఇంకేదీ కారణంగా తోచదు.

మగ్గం ఎట్లా పోయిందో ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పనిగట్టుకుని చెప్పుకోనిది. నాకు ఐదేళ్లున్నప్పుడు వరసగా వానలు తప్పాయి. గొర్రెల కాపరుల పెద్ద ఒకాయన తన ఇంట్లో పెళ్లికని కొన్ని కంబళ్లు నేయమని చెప్పాడు. ఆ ఏడాదికి మాకు దొరికిన పని అదొక్కటే. అమ్మ గంజి కాచింది, నాయన పడుగుకు పెట్టాడు. మగ్గం ఎక్కించాక దారాలు పుట్టుక్కు పుట్టుక్కున తెగడం మొదలుపెట్టాయి. ముడి వేసిన చోట నిలిస్తే పక్కన తెగేది. కంబళ్లు సమయానికి అందలేదు, ఆ పెద్దమనిషి వేరేచోట కొనుక్కున్నాడు. గంజి పలచనైంది, నా చెయ్యే తప్పింది అని అమ్మ ఒప్పుకుంది. నాయన మగ్గం దిగి, ఆ వారంలోనే మంగంపేటకు, ముగ్గురాయి గనుల్లోకి కూలికి పోయాడు. మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఆ గుంతలో తర్వాత అమ్మ కట్టెలు వేసుకునేది. నాకు తెలిసిన కథ ఇంతే, ఇందులో అక్క ఎక్కడా లేదు.

మేము వెళ్లేసరికి అక్క అరుగు మీద కూర్చుని అలసందలు ఒలుస్తోంది. డెబ్బై దాటినా కళ్లజోడు లేదు, నడుము వంగలేదు, నోరు అసలే వంగలేదు. నన్ను చూసి, “వచ్చినాడప్పా సిపారసు చెయ్యనీకి! దాని మాటలు ఇని బస్సెక్కినావా?” అంది. శిరీషను మజ్జిగ తెమ్మని లోపలికి పంపాను. అక్క పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను. ఆమె ఆ నాలుగూ నా చేతిలోంచి లాక్కుంది, నేను గింజలు సగం పొట్టులోనే వదిలేస్తానట.

“పిల్ల కష్టపడతాండాది అక్కా. ఆరు ఇండ్లు దాని మీద ఆధారపడి ఉండాయి. వేయించేది ఎట్లనో ఒకసారి చూపియ్యి, నీ సొమ్మేం పోతాది?”

“నాకు గుర్తుల్యాదంటి గదా.”

“నీకు గుర్తుల్యాకపోతే ఇంగ ఈ ఊళ్లో ఎవరికుంటాది? అమ్మ పక్కన కూర్చొని దంచింది నువ్వే గదా. నేనైతే రాసుకున్నా గానీ...”

“నువ్వు రాస్తావులేరా,” అంది. చేతుల్లో పని ఆగింది. “నువ్వు తిని రాస్తివి. పెట్టినోళ్ల సంగతి నీకేం తెలుసు?”

ఆమె వీధిలోకి చూస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. “ఆ కరువులో, పడుగు పెట్టే దినం, తెల్లారుజామున అమ్మా నాయనా బయట గూటాలు పాతుతాండారు. గంజి కుండ, కరువు ఏడు గదా చిన్నదే, లోపల ఉండాది. నువ్వు లేసి ఆకలని ఏడుస్తివి. రెండు దినాల నుంచి నీకు పెట్టనీకి ఏమీ ల్యా. నోరు మూసినా, ఊపినా, ఎత్తుకొని తిప్పినా, ఊరుకుంటివా? కుండ మూత తీసి గరిటెతో పోసినా. గటగటా తాగితివి. ఇంగొక గరిటె అంటివి. నేనూ తాగినా, అబద్ధం ఏటికి చెప్పల్ల. చూస్తే కుండ సగానికి ఒచ్చేసింది. భయమై నీళ్లు పోసి కలబెట్టి మూత పెట్టేస్తిని.”

శిరీష మజ్జిగ గ్లాసులతో గడప దగ్గరే ఆగిపోయింది. అక్క ఆపలేదు. “మల్ల దారాలు తెగే. నాయన అమ్మను పిల్సి గంజికి ఏమాయె అని అడిగినాడు. పడుగు పెట్టిన పొద్దే అమ్మ నా మూతి చూసింది. గంజి అంటుకొని ఎండిపోయి ఉండాది. దగ్గరికి పిల్సి కొంగుతో తుడిసింది. నాయన అడిగేసరికి అది తలుసుకొని, తన చెయ్యే తప్పిందని చెప్పినాది. నన్ను ఒక్క మాట అనల్యా, సచ్చేదాకా అనల్యా. నాయన మగ్గం దిగింది నా చేత్తోనేరా. నువ్వేమో ఆ గింజలు అంత గొప్పయి, ఇంత గొప్పయి అని రాసుకొచ్చి నా ముందర సదువుతావు. దీనికేమో బిస్కెట్లు చెయ్యల్లంట. ఆ గింజ చేత్తో ముట్టుకుంటే నాకు నాయన మొగం కనపడతాది.”

అరవై ఏళ్లు. ఇంత మాట కడుపులో పెట్టుకుని ఆమె పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, నన్ను చదివించమని అమ్మతో పోట్లాడింది, నాకు పుస్తకాలు కొనడానికి కూలికి పోయింది. నేను ఆ గంజి తాగి హాయిగా బతికాను, దాని మీద వ్యాసం కూడా రాశాను. నాకు సిగ్గేసింది. చిన్నప్పుడు బడిలో పడ్డ సిగ్గు దీని ముందు ఆటలాంటిది. అప్పుడు గుర్తొచ్చింది, నాయన మంగంపేటలో అన్న మాట.

నాకు పదేళ్లప్పుడు బడి సెలవుల్లో అమ్మ నన్ను మంగంపేటకు పంపింది. నాయన తల నుంచి పాదాల దాకా రాతి పొడితో తెల్లగా ఉండేవాడు, స్నానం చేసినా కనుబొమ్మలు తెల్లగానే ఉండేవి. ఒక సాయంత్రం మేము గుడిసె ముందు కూర్చుని ఉంటే గొర్రెల మంద ఒకటి పోతోంది. నాయన లేచి ఒక గొర్రెను ఆపి, వీపు మీది ఉన్ని వేళ్లతో పాయదీసి చూశాడు. పని మానినా చేయి మానదు కాబోలు. ఒక పోగు పీకి, రెండు చివర్లూ పట్టి చెవి దగ్గర లాగాడు. అది మధ్యలో తెగింది. “చూసినావా, మేత ల్యాకుండా పెరిగిన ఉన్ని ఇట్లే నడిమికి తెగుతాది. దీనికి ఎంత గంజి పెట్టినా నిలవదు. ఆ కరువు ఏడు మనకు ఒచ్చిన ఉన్నంతా ఇదే. మీ అమ్మ చెయ్యి తప్పిందంటాది గానీ, ఆమె చేతిలో ఏం తప్పు ల్యా,” అన్నాడు. నేను పదేళ్లవాణ్ని. ఉన్ని గొడవ నాకెందుకు? దాని వెనక ఉన్న గొర్రెపిల్లను ఎత్తుకోవాలని నా తొందర. ఆ మాట విన్నాను, మరిచిపోలేదు, కానీ అది ఎవరికో కావలసిన మాటని నాకు తట్టలేదు.

ఇప్పుడు అదంతా అక్కకు చెప్పాను. గొర్రెను ఆపడం, పోగు పీకడం, చెవి దగ్గర పెట్టుకోవడం, ఒక్కటీ వదలకుండా చెప్పాను. “చెవి దగ్గర పెట్టుకున్న్యాడా?” అంది. అవునన్నాను. నాయన ఉన్ని చూసే పద్ధతి అదే, అది నేను కల్పించగలిగింది కాదని ఆమెకు తెలుసు. “అంటే నేను తాగియ్యకపోయినా తెగేదేనా?”

“తెగేదే. నాయనే అన్న్యాడు.”

“నీ మీద ఒట్టా?”

“నీ మీదా, నా మీదా.”

అప్పుడు అక్కకు కోపం వచ్చింది. నేను అనుకున్నది అది కాదు. “ఒరే, ఇన్నేండ్లు ఈ మాట కడుపులో పెట్టుకొని ఏం చేస్తాంటివిరా? ఊరి మీద సంగతులన్నీ పుస్తకాలు పుస్తకాలు రాస్తివి, ఇది రాయనీకి నీకు చెయ్యి రాల్యాదా?” అని ఒలిచిన అలసంద పొట్టు దోసెడు తీసి నా మొహాన కొట్టింది. కొట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. శిరీష మజ్జిగ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలియక రెండూ తానే తాగేసింది.

మర్నాడు పొద్దున్నే అక్క షెడ్డుకు వచ్చింది. వస్తూనే శిరీష కొన్న వేయించే యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “ఇది గింజను పైన కాల్చి లోపల పచ్చిగా పెడతాది,” అని తేల్చేసింది. వంకలో ఇసుక తెప్పించి జల్లించింది. పెద్ద ఇనప బాణలిలో ఇసుక కాగాక గింజలు పోయించి, కలబెట్టమని ఆడవాళ్లకు చెప్పి, తాను పొయ్యికి కాస్త దూరంగా చెవి అటు వేసి నిలబడింది. ఎవరినీ మాట్లాడనివ్వలేదు. కాసేపటికి ఒక గింజ టప్పుమంది. ఇంకొకటి. “ఇంగ దించండి!” అని అరిచింది. అన్నీ పేలేదాకా ఉంచుతున్నామని, అదే తప్పని శిరీషకు అప్పుడు తెలిసింది. అసలు తప్పు ఇంకొకటి ఉంది. కరెంటు ఉన్న వేళ చూసుకుని మర ఆడించాలని శిరీష వేయించిన గింజల్ని మర్నాటిదాకా గోతాల్లో చల్లారబెట్టేది. అక్క అది విని నెత్తి కొట్టుకుంది. “వేడి మీదనే దంచల్ల తల్లీ. సల్లారితే తోలు గింజను పట్టుకుంటాది, ఇంగ ఒదలదు. నీ వగరంతా ఆ తోలుదే.” వేడి గింజల్ని దంచితే తోలు పెంకులు పెంకులుగా ఊడి వచ్చింది. చెరిగి, నానబెట్టి, ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా నాలుగుసార్లు కడిగించింది. ఎండలో పరిచిన పప్పు మీగడ రంగులో ఉంది. శిరీష అన్నీ ఫోనులో రాసుకుంటుంటే, “అది రాసుకుంటే రాదు, ఇటు రా, చెవి పెట్టు,” అని ఆ పిల్లను తన పక్కన నిలబెట్టుకుంది. మూడో వాయికి “దించండి” అని అరిచింది శిరీషే. అక్క ఏమీ అనలేదు, అంటే సరైన సమయమే అన్నమాట.

నేను ఒక మూల కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ కూర్చున్నాను. అప్పటికీ ఇప్పటికీ తూకం వేయడం నా వయసువాళ్లకు జబ్బు. అప్పుడు అంతా బాగుండేదని అనడానికి నాకు నోరు రాదు. అమ్మ వేళ్ల సందులు గుర్తున్నవాణ్ని, ఆ మాట ఎట్లా అంటాను? ఆ తిండి మంచిది, ఆ ఆకలి మంచిది కాదు. మా తరం ఆకలి మీది కోపంతో ఆ తిండిని కూడా పారేసింది. కొంచెం చేతిలో డబ్బు ఆడగానే తెల్లన్నం వండుకుని, చేలో మొలిచే గురుగు కూరను కలుపన్నాం, చింతగింజలను చెత్తన్నాం. ఇప్పుడు మా ఇళ్లలో పదిమందిలో సగంమంది చక్కెర జబ్బు మాత్రలు మింగుతూ కూర్చున్నాం, నాతో కలిపి. ఊరి చుట్టూ చింతచెట్లు మాత్రం ఎవరూ నీళ్లు పోయకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా కాస్తూనే ఉన్నాయి. శిరీష చేస్తున్నది పాత రోజులను వెనక్కి తేవడం కాదు. ఆకలి లేకుండా ఆ తిండి తినవచ్చని చూపించడం. మా అమ్మ చాట బోర్లించిన రొట్టెను ఈ పిల్ల బల్ల మీద పెడుతోంది.

సోమవారం బేకరీ ఆయన వచ్చాడు. కర్నూలు పాతబస్తీ మనిషి, యాభై ఏళ్ల సాయిబు, మాట నెమ్మది. కొత్త పిండితో శిరీష ముందురోజే బిస్కెట్లు కాల్చి పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని విరిచి రంగు చూశాడు, వాసన చూశాడు, నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆడవాళ్లందరూ చేతులు కొంగుల్లో చుట్టుకుని నిలబడ్డారు. “అచ్ఛా. వగరు పోయినాది,” అన్నాడాయన. కానీ మొహంలో ఇంకా ఏదో అడ్డం ఉంది. “రుచి బాగుండాది బేటీ. అయితే చింతగింజలంటే మా గిరాకీలు భయపడతారు. పిల్లలకు పెట్టొచ్చా, కడుపులో నొప్పి రాదా, ఇంతకుముందు ఎవరైనా తిన్నారా అని అడుగుతారు. నేనేమని చెప్పల్ల?”

శిరీష పిండిని పరీక్ష చేయించిన కాగితాలు తేవడానికి బీరువా వైపు పరుగెత్తింది. ఆ కాగితాలు తీసేలోగా మా అక్క పొయ్యి దగ్గరి నుంచి లేచి, చేతులు దులుపుకుని ముందుకు వచ్చింది. మసి చేతితోనే నా వైపు చూపించింది.

“అదో, ఆ కుర్చీలో కూర్చొని ఉండాడే, వాడు నా తమ్ముడు. ఐదేండ్లప్పుడు కరువు ఒస్తే వానికి ఈ చింతగింజల గంజే పోసినా. నా చేత్తోనే పోసినా. దానితోనే బతికినాడు. పంతులై ఊరూరా పిల్లోళ్లకు సదువు చెప్పినాడు. నీ గిరాకీలు అడిగితే ఆయప్ప పేరు చెప్పు.”

అందరూ నా వైపు తిరిగారు. బేకరీ ఆయన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, నవ్వి, ఇంకొక బిస్కెట్టు తీసుకున్నాడు. “వచ్చే వారం నుంచి పంపించు బేటీ,” అన్నాడు. నేను సభల్లో శాలువాలు కప్పించుకున్నవాణ్ని, నా గురించి నలుగురు నాలుగు మంచి మాటలు చెప్పగా విన్నవాణ్ని. కానీ నేను ఎవరినో, ఎట్లా బతికానో ఇంత సరిగ్గా చెప్పినవాళ్లు లేరు. మా అక్క చూస్తుండగా, కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడ్డాను.